మామ వేసిన ముక్క

మా మామ పోయాడని మా ఆవిడ ఫోను చేసినప్పుడు నేను బోగోలులో మందుల కొట్టు షట్టరు ఎత్తుతున్నాను. "బావా, నాయన లేయడం లేదు" అంది. నేను వెంటనే నమ్మలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశావా, చెయ్యి పట్టుకుని చూశావా, పక్కింటి నర్సమ్మను పిలిచావా అని వరసగా అడిగాను. ఆమె ఏడుస్తూనే అన్నిటికీ జవాబు చెప్పింది. నర్సమ్మ పక్కనే ఉందంటే ఫోను ఆమెకిమ్మని, ఆమె నోటితో కూడా విన్నాను. షట్టరు దించి తాళం వేసి, తాళం పడిందో లేదో లాగి చూసి బండెక్కాను. కళ్లలో నీళ్లు సగం దారి వచ్చాక గానీ రాలేదు. పెళ్లాం ఏడుస్తూ చెప్పిన మాటను కూడా ఇంకొకరిని అడిగి ఖాయం చేసుకునే ఈ బుద్ధి నాకు నేర్పింది ఆయనే. రాత్రి పెరుగన్నం తిని పడుకున్న మనిషి పొద్దునకి లేడు.

మామ ఇంటికి వెళ్లేసరికి చెంచయ్య ఉన్నాడక్కడ. చెంచయ్య మా ఊళ్లో పడవలున్న మనిషి. చెప్పులు వీధిలో విడిచి, లోపలికి రాకుండా ప్రహరీ గోడ పక్కన నిలబడ్డాడు. ఎవరూ కబురు చెయ్యకముందే ఈయన ఎందుకొచ్చాడు, ఏం చూడ్డానికొచ్చాడు అని నేను ఓ కంట కనిపెడుతూనే ఉన్నాను. పాడె లేపేటప్పుడు ఎవరూ పిలవకుండానే వచ్చి భుజం పెట్టాడు. అప్పుడు కూడా నేను ఆయన మొహంలోకే చూశాను, ఇది బాధా, లేక ఊరు చూస్తోందని చేసే పనా అని. మామను సాగనంపే రోజున ఇలాంటి లెక్కలేమిటని మీరనుకోవచ్చు. మిగతాది కూడా విని అప్పుడు అనుకోండి.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఆయన కూతుర్నే చేసుకున్నాను కాబట్టి రెండు విధాలా మామే. ఉద్యోగం ఉన్నంతకాలం బస్సుల్లో టికెట్ల చెకింగ్ చేశాడు. దారిలో ఎక్కడో చెట్టు కింద నిలబడి, చెయ్యెత్తి బస్సు ఆపి ఎక్కేవాళ్లుంటారే, ఆ పని. రిటైరై ఊరికొచ్చాక కూడా ఆయన కళ్లు చెకింగ్ మానలేదు. రేవులో చేప కొనాలంటే అందరూ మొప్పలెత్తి చూస్తారు. ఆయన మొప్పలెత్తి చూసి, వేలు వాసన చూసి, ఇది ఏ పడవ చేప అని అడిగి, వాళ్లు చెప్పిన మాట నిజమేనా అని పక్క గంపామెను అడిగేవాడు. రేవులో ఆడవాళ్లు ఆయన్ను చూస్తే మొహం తిప్పుకునేవారు. అయినా ఆయనకు చెడ్డ చేప అమ్మిన మనిషి లేదు.

ఒకసారి ఆయన చెకింగ్‌కి ఎక్కిన బస్సులో మా అత్త ఉందట, పుట్టింటికి పోతూ. ఆమెను కూడా టికెట్ చూపించమన్నాడట. ఆమె చూపించింది. చూపించి, పుట్టింటి నుంచి తిరిగొచ్చాక కూడా చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. అత్త బతికున్న రోజుల్లో ఈ సంగతి ఆమె తిట్టుగా చెప్పేది, ఆయన గొప్పగా చెప్పేవాడు.

నాకు పిల్లనిచ్చేముందు సొంత అక్క కొడుకునని కూడా చూడకుండా మా వీధి టీ కొట్లో కూర్చుని నా గురించి ఆరా తీశాడు. అది మా అమ్మకు తెలిసి అగ్గి మీద గుగ్గిలమైంది. నా కొడుకు సంగతి నన్నడక్కుండా టీ కొట్టు వాణ్ణి అడుగుతావా అని నిలదీసింది. ఆయన తొణకలేదు. "అక్కా, నువ్వు చెప్పేది తల్లి మాట. నాకు వీధి మాట కావాల" అన్నాడు. వీధి నా గురించి ఏం చెప్పిందో ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు. పిల్లనైతే ఇచ్చాడు.

పెళ్లయిన కొత్తలో ఆయన మీద నాకు చాలా కోపం ఉండేది. మనిషిని మనిషిగా నమ్మలేని వాడు ఏం మనిషి అనుకునేవాణ్ణి. ఒకసారి ఆ మాట ఆయనతోనే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "ఇంటికి తాళమేసి పోతావు గదా. పక్కింటోడ్ని దొంగ అన్నట్టా అది? అనుమానమూ అంతేరా అబ్బయ్యా. తాళం ఉంటే వాడూ మర్యాదగా ఉంటాడు, నువ్వూ నిద్ర పోతావు" అన్నాడు. వినడానికి బాగానే ఉంది గానీ, నా ఇంటికి బయటి నుంచి తాళం వేసినట్టు అనిపించింది నాకు.

ఇక పేకాట సంగతి. ఏప్రిల్లో వేట నిషేధం మొదలైతే జూన్ దాకా మా రేవులో పడవలన్నీ ఇసుకలో పడుకుంటాయి. వలలు బాగుచేసుకోవడం, పడవలకు రంగులేసుకోవడం అయ్యాక మగవాళ్లకు మధ్యాహ్నాలు గడవవు. తుఫాను షెల్టర్ వసారాలో, సముద్రం వైపు నీడ పడే చోట చాప వేసుకుని పదమూడు ముక్కలాట ఆడతారు. నేను కూడా మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి కూర్చునేవాణ్ణి. డబ్బుతో ఆట లేదు, మామ ఉండగా రాదు కూడా. చింతపిక్కలతో ఆడేవాళ్లం. ఒకసారి పోలీసాయన వచ్చి, ఆ పిక్కలను చేత్తో కెలికి, వీటి వెనకాల ఏముందో చెప్పండని కాసేపు కూర్చున్నాడు. మామ ఆయనకు మంచినీళ్లిచ్చి, అనుమానించినందుకు సంతోషమని చెప్పి పంపాడు.

పిక్కల వెనకాల ఏమీ లేదని కూడా అనలేం. నిషేధం ముగిసే రోజుకు ఎవరి దగ్గర పిక్కలు ఎక్కువుంటే వాళ్లకు మిగతావాళ్లు తలా ఒక వంజరం చేప ఇవ్వాలి. పడవలున్నవాళ్లు మొదటి వేటలో పడిన చేప ఇస్తారు, లేనివాళ్లు రేవులో కొని ఇస్తారు. చేప సంగతి అలా ఉంచండి. ఆ వంజరాలు వీధిలోంచి మన ఇంటికి నడిచొస్తుంటే ఊరంతా చూస్తుంది. ఆ ఏడాదంతా ఆ ఇంటి పేరు రేవులో వినపడుతుంది. ఆడేవాళ్లందరి కన్నూ దాని మీదే.

ఆ చాప మీద చట్టం మామదే. చేతులు చాపకు పైనే ఉండాలి. పారేసిన ముక్క చాపకు తగిలితే తగిలినట్టే, మళ్లీ తీసుకోవడం లేదు. ఆయనకు దూరం చూపు అద్దాలుండేవి. చాప మీద కూర్చోగానే వాటిని తీసి జేబులో పెట్టుకునేవాడు. దగ్గర చూపుకు అవి అక్కర్లేదు, పైగా అద్దాల్లో ముక్కలు కనపడతాయి. "ఎదటోడు చూడకపోయినా చూసినాడేమో అని నాకు అనిపిస్తాది. ఆ పేరు వానికొద్దు, ఆ గుబులు నాకొద్దు" అనేవాడు.

అన్నిటికంటే పెద్ద చట్టం వంతులది. ఈ ఆట తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మీకు ముందు వంతు ఎవరిదో వాళ్లు పారేసిన ముక్కను మీరు ఎత్తుకోవచ్చు. ఒకే రంగులో, అంటే అన్నీ ఇస్పేట్లో అన్నీ కళావర్లో అయి, ముక్కలు వరసగా కలిస్తే ఆట దగ్గరపడుతుంది. కాబట్టి మీ ముందు కూర్చున్నవాడు మీవాడైతే, మీకు కావలసిన ముక్కే చూసి పారేయగలడు. ఎవరూ ఏమీ పట్టుకోలేరు, ఎందుకంటే పారేయడం తప్పు కాదు. అందుకే బంధువు వంతు పక్కన బంధువు వంతు ఉండకూడదు అన్నది మామ పెట్టిన చట్టం. మేమిద్దరం ఎప్పుడూ ఎడంగానే కూర్చునేవాళ్లం. ఒకసారి చెంచయ్య తన తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే మామ ఆ తమ్ముణ్ణి అందరి ముందూ లేపి ఇటు చివర కూర్చోబెట్టాడు. చెంచయ్య నవ్వుతూనే ఒప్పుకున్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

పోయిన ఏడు నిషేధం ముగిసే ముందు రోజున జరిగింది అసలు సంగతి. ఆ ఏడు నా పరిస్థితి బాగాలేదు. బోగోలులో కొత్తగా పెద్ద మందుల కొట్టు ఒకటి పెట్టి, రేట్లు తగ్గించి అమ్ముతున్నారు. నా కొట్టుకు వచ్చేవాళ్లు తగ్గారు. ఇంట్లో చిన్న మాటకు పెద్ద మాటలయ్యేవి. మా ఆవిడ వాళ్ల నాయన దగ్గరికి పోయి కళ్లొత్తుకుని వచ్చేది. ఈ ఏడు పేకాటలోనైనా ఒక గెలుపు చూడాలని నేను మామ వినేలా ఒకసారి అన్నాను కూడా. అన్న మాట నాకు గుర్తుంది, ఆయనకూ గుర్తుండే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం చాలామంది పడవల దగ్గరికి పోయారు. చాప మీద మామ, నేను, చెంచయ్య, ఐసు కొట్టు పెంచలయ్య నలుగురమే. పిక్కల్లో చెంచయ్య ముందున్నాడు, నేను ఆయన వెనకే ఉన్నాను. చివరి ఆటకు ముక్కలు పంచబోతుంటే ఐసు లారీ వచ్చిందని పెంచలయ్య లేచిపోయాడు. ముగ్గురం మిగిలాం. ముగ్గురే ఉంటే ఎలా కూర్చున్నా ఒకరి వంతు పక్కన ఒకరిది పడాల్సిందే. నా ముందు వంతు మామది అయింది. మామ ఆట ఆపుదామన్నాడు. ఒక్క ఆటే గదా మామా అని చెంచయ్యే పట్టుబట్టి ముక్కలు పంచాడు. ఈ మాట మీరు గుర్తు పెట్టుకోవాలి. ఊళ్లో ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

ఆట నడుస్తుండగా మామ ఒక వంతులో ఇస్పేటు రాణి పారేశాడు. నేను ఎత్తుకున్నాను. ఎత్తుకోవడం ఇద్దరూ చూశారు. అంటే నేను ఇస్పేటు వరస కడుతున్నానని చాప మీద అందరికీ తెలుసు. అలాంటప్పుడు ఇస్పేటు జాకీ, ఇస్పేటు రాజు చేతిలో ఉంటే ఎవరూ పారేయరు. ఆట రాని పిల్లలు కూడా పారేయరు. మామ వంతు వచ్చింది. ముక్కలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు, సర్దాడు, ఒకటి తీసి చాప మీద పెట్టాడు. అది ఇస్పేటు జాకీ.

నేను దాన్ని ఎత్తుకుని, వరసలన్నీ కలిశాయని ముక్కలు పరిచి ఆట చూపించాను. ఆ ఒక్క ఆటతో పిక్కల్లో చెంచయ్యను దాటిపోయాను. చెంచయ్య నా ముక్కల వైపు చూడలేదు. మామ వైపు చూశాడు.

"మామా, వాడు రాణి ఎత్తుకునేది నువ్వు చూసినావు గదా?"

"చూసినా."

"చూసి కూడా జాకీ ఏసినావా?"

మామ నా ముక్కల్లోంచి ఆ జాకీని తీసుకుని, ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. మళ్లీ కింద పెట్టాడు. "ఏసినా" అన్నాడు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, ఈ ఆట చెల్లదని చెప్పి లేచాడు. చెల్లుతుందని చెంచయ్య అన్నాడు. చాపకు తగిలిన ముక్క తగిలినట్టే అని మామ చెప్పిన చట్టాన్నే మామకు అప్పజెప్పాడు.

మిగతావాళ్లు ఆట తేలలేదని చేపలు పంపకుండా ఊరుకున్నారు గానీ, చెంచయ్య పడవ మొదటి వేట నుంచి రాగానే ఒక మంచి వంజరం మా ఇంటికి వచ్చింది. దాన్ని పంపడంలో ఆయన మనసేమిటో నాకు తెలుసు. వీధి మొత్తం చూసేలా, చల్లగా, ఒక్క మాట లేకుండా పంపాడు. మా ఆవిడ కత్తిపీట ముందు పెట్టుకుని చేపను తాకకుండా కూర్చుంది.

"ఇది నువ్వు గెలిచిందా, మా నాయన ఏసిందా? చెప్పు బావా, అప్పుడు కోస్తా."

చేపను తీసుకుని మామ దగ్గరికి పోయాను. ఆయన దాన్ని సంచీలో పెట్టుకుని చెంచయ్య ఇంటికి పోయి ఇచ్చి వచ్చాడు. చెంచయ్య మనిషి దాన్ని తెచ్చి మళ్లీ మా గడపలో పెట్టాడు. ఆ ఎండలో ఆ చేప రెండిళ్ల మధ్య అటూ ఇటూ తిరిగి చివరికి ఎవరూ తినడానికి లేకుండా పోయింది. అంత వంజరాన్ని గొయ్యి తీసి పాతిపెట్టిన ఇల్లు మా రేవులో ఇంకొకటి ఉండదు.

ఊరు ఊరుకుంటుందా? మామాఅల్లుళ్ల ఆట అని ఒక పేరు పెట్టింది. కొట్టుకు వచ్చినవాళ్లు నవ్వుతూ, ఇవి అసలు మాత్రలేనా, మీ మామ వేసినవా అని అడిగేవారు. నవ్వే అడిగేవారు, కానీ కొందరు నవ్వాక కూడా మాత్రల అట్ట తిప్పి చూసుకునేవారు. మందులమ్ముకునే మనిషికి అది మంచిది కాదు. అన్నేళ్లు ఊళ్లో ప్రతివాణ్ణీ నిలబెట్టి చెకింగ్ చేసిన మనిషి దొరికాడని లోలోపల సంబరపడినవాళ్లు కూడా ఉన్నారు. రేవులో గంపలమ్మేవాళ్లు ఆయన చేప మొప్పలెత్తితే, మాదే చూడాల్నా అని ముఖానే అన్నారు. ఆయన చేప చూడకుండానే కొనుక్కుని రావడం నేను కళ్లారా చూశాను.

నేనూ అనుమానించాను. దాచుకోవడమెందుకు? నేను గెలవాలని అన్న మాట ఆయన విన్నాడు. కూతురు కళ్లొత్తుకోవడం చూశాడు. ఒక్క ముక్కే గదా అనుకుని ఉంటాడు. అలా అనుకుని ఉంటే అది ప్రేమే, నాకు తెలుసు. కానీ ఆ ప్రేమ నాకొద్దు అనిపించింది. జీవితంలో ఒక్క ఆట గెలిస్తే అది కూడా నాది కాకుండా పోయింది. నిజం చెప్పు మామా అని రెండు మూడుసార్లు అడిగాను. ఆయన మాట మార్చేవాడు, లేదా లేచి పోయేవాడు. మాట మార్చడం ఆయనకు చేతకాదు, అది చూస్తే నా అనుమానం ఇంకా పెరిగేది.

వానలు వెళ్లాక ఒకరోజు మా ఆవిడ ఆయన చొక్కాలు ఉతుకుతుంటే జేబులో కంట్లో వేసుకునే చుక్కల మందు సీసా దొరికింది. తెచ్చి నాకు చూపించింది. సీసా మీద ఉన్నది కావలి టౌన్లోని కొట్టు చీటీ. మందుల కొట్టున్న అల్లుణ్ణి పక్కన పెట్టుకుని కావలి దాకా పోయి చుక్కల మందు కొనుక్కోవడమేమిటి? నా కొట్లో మందు మీద కూడా నమ్మకం పోయిందా అని మొదట ఒళ్లు మండింది. తర్వాత తట్టింది, నాకు తెలియకూడదనే అక్కడ కొన్నాడని. ఇద్దరం కలిసి ఆయన్ను కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోయాం. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని, ఇంతకాలం ఎలా నెట్టుకొచ్చారని డాక్టరు అడిగాడు.

నాకైతే ఆ మాట వరంలా వినపడింది. ఇస్పేటుదీ నలుపే, కళావరుదీ నలుపే. ఆ వసారా వెలుతురులో, ఆ కళ్లతో, ఇస్పేటు జాకీ కళావరు జాకీలా కనపడి పారేశాడు. ఇంతే సంగతి. నా గెలుపు నాది కాకపోతే పోయె, ఆయన పేరు నిలబడుతుంది. ఇంటికొచ్చాక ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడే పోయి చెంచయ్యకు చెప్పి వస్తానన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చెప్పబాక."

"ఎందుకు మామా? నీకు కళావరు మాదిరి కనపడింది గదా. కాదా?"

"కనపడింది. నిజమే. కళావరే అనుకుని ఏసినా." నా చెయ్యి ఇంకా వదల్లేదు. "అయితే అది నాకు కళావరుగా ఎందుకు కనపడిందో నీకు తెలుసునా? నాకు తెలీదు. ఆ మసకలో అది ఇస్పేటూ కావచ్చు, కళావరూ కావచ్చు. నీకు కావాల్సింది ఇస్పేటు జాకీ అని నా మనసుకి తెలుసు. మనసు కంటికి ఏం చెప్పిందో నేనెట్ట చెకింగ్ చేసేదిరా?"

ఆయనే మళ్లీ అన్నాడు, బస్సులో టికెట్ లేనివాడు ప్రతివాడూ నిద్ర పోయినానంటాడు, వాళ్లలో నిజంగా నిద్ర పోయినవాడు కూడా ఉంటాడు, వాడి మొహం చూస్తే జాలేస్తుంది, అయినా జరిమానా రాయకుండా దిగలేను గదా అని. తన మీద తాను కూడా రాసుకున్నాడన్నమాట. ఇక జన్మలో చాప మీద కూర్చోనని ఆరోజే చెప్పాడు.

ఆయన చేతిని వదిలించుకుని వీధిలోకి పోయి ఏడ్చాను. ఏడుస్తూ కూడా ఒక మూల అనుమానం, ఈ మాట కూడా నన్ను సముదాయించడానికి కట్టిందేమో అని. మీకెలా అనిపిస్తుందో నాకు తెలియదు. ఆ జాకీ సంగతి నాకు ఈరోజుకీ తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదు. ఆయనకే తెలియదన్నది ఒక్కటే ఆయన నాకు ఇచ్చిన నిజం. అంత కష్టమైన నిజాన్ని ఇంకొకడైతే డాక్టరు చీటీ వెనకాల దాచేసి బయటపడేవాడు.

ఇన్నేళ్లూ నన్ను ఆయన నమ్మలేదని కుమిలిపోయాను. కొట్టుకొస్తే మందుల తేదీలు తిప్పి చూసేవాడు, కూతురు నవ్వుతూ ఎదురొస్తే ఆ నవ్వు నిజమేనా అని నా మొహంలో వెతికేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన నన్ను అనుమానించినంత శ్రద్ధగా నన్ను ఎవరూ చూసుకోలేదు. నా కొట్లో ఇప్పటికీ తేదీ దాటిన మందు ఒక్కటి ఉండదు. అది నా గొప్ప కాదు, వస్తాడేమో అన్న భయం. ఆయన లేకపోయినా ఆ భయం ఉండిపోవాలని కోరుకుంటున్నాను.

చలికాలంలో రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక పేక తెమ్మన్నాడు. మంచం మీద పరిచి, నల్ల ముక్కలన్నీ ఏరి, ఇది ఇస్పేటు, ఇది కళావరు అని ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. ఇక ఆడొచ్చు గదా మామా అన్నాను. అప్పుడైతే తప్పు కళ్ల మీద తోసేదానికైనా ఉండేది, ఇప్పుడు అదీ లేదని నవ్వాడు.

ఈ ఏడు నిషేధం మొదలయ్యాక పెంచలయ్య ఇంటికొచ్చి పట్టుబట్టాడు, ఆడకపోతే పోయె, వచ్చి కూర్చో అని. మామ వచ్చాడు. వసారా అంచున కుర్చీ వేయించుకుని, మాకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. అదేంది మామా అంటే, "మీ పక్కకి మొహం పెడితే నేను దగ్గినా తుమ్మినా సైగ అయిపోతాది" అన్నాడు. అలా రోజూ వచ్చేవాడు. మేం ముక్కలు కలుపుతుంటే, పంచుతుంటే, ఆ చప్పుడు వింటూ అలలు చూస్తూ కూర్చునేవాడు. చెంచయ్య చాప మీద ఉండేవాడు గానీ ఆయనతో మాట్లాడేవాడు కాదు. పోయిన ఏడు నుంచీ ఇద్దరి మధ్యా పలకరింపు లేదు.

ఒక మధ్యాహ్నం, నా ముందు వంతు పెంచలయ్యది అయి ఉండగా, నాకు ఆట పడింది. ముక్కలు చాప మీద పరిచాను. ఎవరూ వాటి వైపు చూడలేదు. అందరూ మామ వీపు వైపు చూశారు. ఆయనకు ఎలా తెలిసిందో మరి, తిరగకుండానే అన్నాడు:

"నా వీపు మీద ఏముందయ్యా చూసేదానికి? వాడి ముక్కలు చూడండి."

చెంచయ్య ముందుకు వంగాడు. నా ముక్కలను తన వైపు లాక్కుని, ఒక్కొక్కటీ విడదీసి, రంగు చూసి, వరస చూసి, వెనక్కి తిప్పి కూడా చూశాడు. తర్వాత ఆయన తలెత్తి ఆ వీపుతోనే అన్నాడు, "సరిగ్గానే ఉండాది మామా."

మామా అనే పిలుపు ఆ నోట ఏడాది తర్వాత వచ్చింది. మామ వెంటనే తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు.

"ఇంకోసారి చూడు అబ్బయ్యా" అన్నాడు. "వాడు నా అల్లుడు."

చెంచయ్య మళ్లీ మొదటి ముక్క దగ్గర మొదలుపెట్టాడు. గాలికి చొక్కా ఉబ్బి వీపుకు అంటుకుంటూ ఉంటే, మామ సముద్రం వైపే చూస్తూ, ఆ పని అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు.